నీళ్ల కంపెనీకి పేరు

డెక్లన్‌కు ఆ వారమంతా తిండి సయించలేదు.

ఐర్లండులో నీళ్లు అందించే పనికోసం ప్రభుత్వం కొత్తగా ఒక కంపెనీ పెడుతోంది. దానికి మంచి పేరు ఆలోచించమని అతనికి అప్పగించారు. ఆ దేశంలో ఒక ముచ్చట ఉంది. ఇంట్లోనూ బజారులోనూ ఎక్కువమంది ఇంగ్లీషే మాట్లాడతారు. అయినా జనానికి పనికొచ్చే పెద్ద సంస్థ ఏదైనా పుట్టిందంటే, చాలాసార్లు తమ పాత ఐరిష్ భాషలోనే పేరు పెట్టుకుంటారు. పుట్టిన బిడ్డకు ముత్తవ్వ పేరు పెట్టుకున్నంత ప్రేమగా.

డెక్లన్ కూడా అలాగే 'ఇష్క అన్ ఫుబిల్' అని రాసిచ్చాడు. జనం నీళ్లు అని దాని అర్థం.

పేరు తేల్చడానికి పెట్టిన సభలో అది విని నవ్వారు.

"పైపు పగిలిందని ఫోన్ చేసేవాడు ముందు ఈ పేరు పలకాలా? పలికేలోపు ఇల్లు మునిగిపోదూ!" అన్నాడొకాయన.

పక్కనున్న ఆవిడ నవ్వకుండానే అడిగింది. "నీకు ఐరిష్ వచ్చా, డెక్లన్?"

డెక్లన్ తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శనివారం బస్సెక్కి కొండమీది మఠానికి వెళ్లాడు. వయసులో ఉండగా సన్యాసి అవుదామని కొన్నాళ్లు అక్కడే ఉన్నాడు. కాలేకపోయాడు గానీ, కష్టం వచ్చినప్పుడల్లా గురువు ఫాదర్ ఫిన్బార్ దగ్గరికి పోకుండా ఉండలేడు.

"ఏం నాయనా, మొహం అలా వేలాడేశావు?"

"సోమవారం మళ్లీ జరిగే సభలో నేనే లేచి ఆ పేరు వద్దంటాను ఫాదర్. ఇంగ్లీషులోనే పెట్టుకోమంటాను."

"పేరు నచ్చలేదా?"

"నచ్చకేం! నీళ్లకు అంత చక్కటి పేరు ఉంటుందా? కానీ నాకేం హక్కుంది? బడిలో అన్నేళ్లు నేర్పితే పరీక్ష రాసి మర్చిపోయాను. నా నోట ఒక్క ముక్క మిగల్లేదు. నాది కానిదాన్ని తెచ్చి దేశం నెత్తిన పెడుతున్నాను. దొంగతనం చేసినట్టుంది."

ఫాదర్ ఫిన్బార్ అంతా విన్నారు.

"సరే, రా. కొట్టంలో చిన్న పనుంది."

కొట్టంలో ఒక మూల, నిన్ననే తల్లినుంచి విడదీసి తెచ్చిన దూడ గోడకు అంటుకుపోయి నిలబడి ఉంది. దాని ఎదురుగా మఠంలోని సన్యాసి బ్రదర్ టియర్నన్ బకెట్ పట్టుకుని ఉన్నాడు. బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి.

"దీనికి నా మొహం నచ్చలేదు ఫాదర్. బిషప్ గారిని పిలిపించాలేమో!"

ఫాదర్ ఆ బకెట్ తీసి డెక్లన్ చేతికిచ్చారు. "వచ్చినప్పటినుంచి చుక్క ముట్టలేదు. తాగకపోతే బతకదు. నువ్వు చూడు."

డెక్లన్ ఆఫీసు బూట్లతోనే గడ్డిలోకి దిగాడు. "రా, ఇలా రా, భయం లేదు," అని ఇంగ్లీషులో బుజ్జగించాడు. దూడ ఇంకా వెనక్కి ఒదిగింది. దాని డొక్కలు ఎగిసిపడుతున్నాయి. కళ్లు తేలేస్తోంది.

అది చూసేసరికి అతను సభ, సోమవారం, పేరు అన్నీ మరిచిపోయాడు. గడ్డిలో గొంతుక్కూర్చున్నాడు. వేళ్లు నీళ్లలో ముంచి చెయ్యి చాపాడు. గొంతు దానంతటదే తగ్గిపోయింది.

"సుక్, సుక్, సుక్... అ లీ, అ లీ..."

దూడ చెవి ఇటు తిరిగింది. ఒక అడుగు వేసింది. ఆగి, ఇంకో అడుగు వేసింది. తడి వేళ్లను మూతితో తడిమి, తల్లి పొదుగనుకుందో ఏమో, చీకడం మొదలుపెట్టింది. అతను చేతిని మెల్లగా బకెట్‌లోకి దించాడు. దూడ మూతి కూడా చేతి వెంటే దిగింది. గుటగుట తాగింది.

బ్రదర్ టియర్నన్ శిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఏమని పిలిచావు?" అన్నారు ఫాదర్ ఫిన్బార్.

"ఏముంది ఫాదర్, దూడల్ని అందరూ అలాగే పిలుస్తారు. మా నాన్న పిలిచేవాడు, అంతకుముందు మా అవ్వ..."



వాళ్ల నాన్న తిట్టినా ఇంగ్లీషే, బేరమాడినా ఇంగ్లీషే, దేవుణ్ణి తలిచినా ఇంగ్లీషే. కొట్టంలోకి వచ్చి బకెట్ దించితే మాత్రం, 'అ లీ'. ఐరిష్‌లో ఓ లేగా అని. అది బడిలో ఎవరూ నేర్పలేదు. ఏ పరీక్షలోనూ అడగలేదు.



డెక్లన్ దూడ మెడమీద చెయ్యి వేశాడు. తర్వాత నెమ్మదిగా, తనకు తాను వినపడేంత మాత్రం అన్నాడు.

"ఇష్క అన్ ఫుబిల్."

నోరు తడబడలేదు. దూడ తల ఎత్తకుండా తాగుతూనే ఉంది. బకెట్ అడుగు కనిపించింది.

"దానికింకా దాహం తీరలేదు," అన్నారు ఫాదర్ ఫిన్బార్. "వెళ్లి నీళ్లు పట్టుకురా."