లైకోను చుట్ట సేపు

కార్తీక బహుళ తదియ, గురువారం. పొద్దున మంచు, మధ్యాహ్నం చురుక్కుమనే ఎండ, సంత విడిచే వేళకు సన్న చినుకు. తిథీ, వారమూ, చినుకూ ఇంత బాగా గుర్తున్న జనానికి ఏ సంవత్సరమో మాత్రం గుర్తులేదు. మన్యంలో అంతే. ఎప్పటి మాట అని అడిగితే, "అదిగో, అప్పటి మాటే" అంటారు.

అప్పటి మాటే. కొండ కింద సంతలో లైకోను అనే మెకానిక్ ఉండేవాడు. అతనికి ఒక రేకుల పాక, ఒక చిన్న పాత మోటారు సైకిలు, ఒక మంచి కాలు ఉండేవి. రెండో కాలు చిన్నప్పుడే జ్వరం వచ్చి సన్నబడిపోయింది. అందుకని బండి గేరు చేత్తో వేసుకునేలా ఒక ఇనుప పుల్ల బిగించుకున్నాడు.

తల్లి లేని లైకోనును అక్క మిత్తులమ్మ వీపున కట్టుకుని పెంచింది. పొలానికి వీపున, ఏటికి వీపున, తిరునాళ్ళకు వీపున. ఆమెను కొండ మీద గాలిగూడకు ఇచ్చారు. ప్రతి సంతకూ దిగివచ్చి తమ్ముణ్ణి చూసిపోయేది. ఆ గురువారం ఆమె రాలేదు. ఆమె మాటను గాలిగూడ మనుషులు మోసుకొచ్చారు.

"మీ అప్ప మోకాళ్ళు పోయాయిరా. నాను దిగలేను, వాడు ఎక్కలేడు, ఇంక మా ఇద్దరికీ చూపులు లేనట్టేనని చెప్పమంది."

లైకోను ఆ రోజు అన్నం తినలేదు.

గాలిగూడకు బండ్లు వెళ్ళకపోలేదు. కానీ పెద్ద మలుపు దగ్గర అందరూ దిగి తోసుకుంటారు. లైకోను దిగితే నిలబడలేడు, తోయడం ఎక్కడిది? అతని బండి అతన్ని దించకుండా ఎక్కాలి. అంత బలం ఆ చిన్న ఇంజనుకు లేదు.

"లేకపోతే పెడతాను" అన్నాడు.

మొదట వెనక చక్రానికున్న పళ్ళ చక్రం తీసి ఇంకా పెద్దది వేశాడు. బండి ఎక్కింది, ఎక్కింది, ఎక్కింది. పెద్ద మలుపు దగ్గర ఆగిపోయింది. బ్రేకు పట్టుకుని జారుకుంటూ కిందికొచ్చాడు.

"ఏటిరా లైకోనూ, మీ అప్ప కనబడిందా?" అన్నారు సంత జనం.

"ఆవిడ పొయ్యి పొగ కనబడిందిరా" అన్నాడు లైకోను.

రెండోసారి సిలిండరు విప్పి, పొగ పోయే దారిని ఆకురాయితో అరగదీసి వెడల్పు చేశాడు. ఇది చూడ్డానికి తేలిక. చెయ్యి కాస్త ఎక్కువ ఆడితే సిలిండరు పారేసుకోవడమే. బండి ఎక్కింది, ఎక్కింది, ఎక్కింది. పెద్ద మలుపు దగ్గర ఆగిపోయింది.

"ఈసారేటి కనబడింది?"

"ఆవిడ కోడి కనబడింది. మీకంటే తెలివైంది, నన్నేటీ అడగలేదు."

మూడోసారి గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, ఇంజను తలను దాని మీద రుద్ది రుద్ది పలచన చేశాడు. లోపల నిప్పు బిగువుగా పేలాలని. నిజంగానే పేలింది. సంత పశువులు తాళ్ళు తెంపుకున్నాయి. బండి ఎక్కింది, ఎక్కింది, ఎక్కింది. పెద్ద మలుపులో పిస్టన్ బిగుసుకుపోయి, చక్రం కట్టేసినట్టు ఆగిపోయింది.

ఈసారి లైకోను నవ్వలేదు. గేరు తప్పించి, మెల్లగా వెనక్కి జారాడు. మలుపు కింద కాస్త చదును ఉంది, అక్కడొక బండ ఉంది. బండ మీద పసుపు గంప దించుకుని ఒక ముసలమ్మ చుట్ట కాలుస్తోంది.

"ఓలమ్మో, ఎంత వేడిరా అది! ఈ బండ దగ్గర ఆగావా నువ్వు?"

"ఎందుకాగాలి మామ్మా?"

"ఎందుకేటి? బరువు మోసే వోళ్ళెవరైనా ఇక్కడ దించకుండా పైకి పోతారా? మా అత్త దించింది, నాను దించుతాను, నా కోడలు దించుతుంది."

"నాకెవరూ చెప్పలేదు."

"నువ్వెప్పుడు నడిచావు, నీకు చెప్పడానికి?"

కొండ నడిచిన వాళ్ళందరికీ తెలిసిన సంగతి అది. ఆగితే మళ్ళీ కదలదేమోనని అతను ప్రతిసారీ ఒక్క ఊపిరిలో లాగించాడు. ఇంజనుకు బలం మీద బలం పెట్టాడు, వేడి మీద వేడి పెట్టాడు. ఊపిరి మాత్రం పెట్టలేదు.

"కూకో. దాన్నీ కూకోనీ" అని ముసలమ్మ ఇంకో చుట్ట ఇచ్చింది.

చుట్ట అయిపోయేసరికి ఇంజను చల్లబడి, బిగిసిన పిస్టన్ వదిలింది. మంచి కాలుతో తన్నాడు. బండి అందుకుంది. ఎక్కింది, ఎక్కింది, ఎక్కింది. పెద్ద మలుపు దాటింది.

మిత్తులమ్మ గడపలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. చప్పుడు విని తలెత్తింది.

"నిన్నెవరు తోశారురా?"

"ఎవరూ తోయలేదప్పా."

ఆమె లేవలేకపోయింది. అతను దిగలేకపోయాడు. చిక్కుళ్ళ చాట పక్కన పెట్టి, గడప నుంచి బండి దాకా ఆమె పాకుతూ వచ్చింది.

ఆ తర్వాత కొండ మనుషులంతా తమ బండ్లు తెచ్చి లైకోను చేత బలం పెట్టించుకున్నారు. బలం పెట్టి, "బండ దగ్గర ఆగండి" అని చెప్పి పంపేవాడు. ఇప్పుడు పెద్ద ఇంజన్ల కొత్త బండ్లొచ్చాయి, ఆగనక్కరలేదు. అయినా ఆగుతారు. బండ మీద ఒక చుక్క ఆయిలు పోస్తారు. నల్లగా నిగనిగలాడుతుంది అది. పైన ఎవరైనా ఎదురుచూస్తుంటే, "లైకోను చుట్ట సేపు ఆగి వస్తాం" అని కబురు పెడతారు. గాలిగూడలో అదొక కొలత.

లైకోను పోయాక బండి అక్క కొడుక్కి వెళ్ళింది. పానాలూ ఆకురాయీ పక్క పాకలో సైకిళ్ళు బాగుచేసే దొంబుకు వెళ్ళాయి. పాక రేకులు పసుపు గంప ముసలమ్మ ఇంటి కప్పుకెక్కాయి. మిత్తులమ్మకు ఏమీ రాలేదు.

"నీకేటీ మిగల్చలేదా అప్పా?" అని దొంబు అడిగాడు.

"ప్రతి సంత మర్నాడూ వచ్చి, వండింది తిని, ఉప్పెక్కువైందని పోట్లాడి పోయేవోడు" అంది మిత్తులమ్మ. "ఇప్పుడు ఉప్పు సరిపోయిందో లేదో నాకెవరు చెప్తారు?"