కాశమ్మ కుడికాలు పెట్టిన పాక

కొండ కింద జామతోటలో ఆ ఏడు ఎండలు ముదిరి ముదిరి, చివరికి ఓ పొద్దున నైరుతి వైపు ఆకాశం నల్లబడింది. చీమలు గుడ్లు నోట కరుచుకుని గట్టెక్కుతున్నాయి. తూనీగలు నేలకి జానెడు ఎత్తులో తిరుగుతున్నాయి. తోటలోని జీవాలన్నీ "వచ్చేస్తోంది, వచ్చేస్తోంది!" అని గంతులేస్తుంటే, బాతు వరాలమ్మకి మాత్రం కాలు నిలవడం లేదు.

బాతుకి వానంటే భయమేమిటని నవ్వకండి. పెద్ద బాతుకి వాన పండగే. కానీ ఒంటిమీద నూగు తప్ప ఈకలు రాని పిల్లలు రాత్రంతా తడిస్తే, తెల్లారేసరికి బిగుసుకుపోతాయి. వరాలమ్మకి అలాంటి పిల్లలు ఆరుగురు.

ఆమెది కొల్లేటి వైపు. కోసిన చేలల్లో మేపుకోవడానికి వందల బాతుల్ని తోలుకొచ్చిన మందతో ఇంత దూరం వచ్చింది. తోట పక్కన మంద దిగినప్పుడు బీరపాదు కింద గుడ్లు పెట్టి పొదుగుతూ కూర్చుంది. మంద కదిలింది, తను కదల్లేదు. ఊరు కాని ఊళ్ళో తల్లి అయింది. అప్పటినుంచి ఏ పని చేయాలన్నా "ఇక్కడ మా అమ్మ ఉంటే ఏమనేదో" అని ఆలోచించి, రెండుసార్లు చూసి, మూడోసారి ఎవరినైనా అడిగి గానీ చేసేది కాదు. మాట మధ్యలో ఆగి పిల్లల్ని లెక్కపెట్టుకోవడం మాత్రం ఎవరినీ అడక్కుండానే చేసేది.

ఇన్నాళ్ళూ ఆవు కాశమ్మ కొట్టంలో ఓ పక్కన సర్దుకున్నారు. కానీ మొన్న కాశమ్మ దూడ చిట్టి నిద్రలో కాలు జాపితే, అందరికంటే చిన్నది బుడ్డది వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ రోజే వరాలమ్మ సొంతంగా ఓ పాక ఉండాల్సిందేనని తీర్మానించుకుంది.

"కట్టుకోవాలా, కట్టింది కొనుక్కోవాలా? అది చెప్పు పిన్నీ ముందు" అంది వరాలమ్మ.

కాశమ్మ నెమరు ఆపకుండానే ఆలోచించింది. "కట్టుకో అమ్మాయ్. ఏ గోడలో ఏముందో తెలుస్తుంది."

"కడితే నేనే కట్టాలి!" అంటూ కొమ్మమీంచి దూకాడు గిజిగాడు. ఆ తోటలో మేస్త్రి అంటే అతనే. "అల్లిక చూస్తే కళ్ళు తిరగాలి. ఇరవై రోజులివ్వు. ఆ జామకొమ్మకి వేలాడదీసి..."

"వేలాడదీస్తావా! నా పిల్లలు బాతులు మేస్త్రీ! పొద్దున్నే గుమ్మంలోంచి కాలు బయట పెడితే ఎక్కడ పడతారు?"

"అవునే. కింద నుంచి కట్టడం నాకు రాదే" అని గిజిగాడు తల గోక్కున్నాడు. "గోడలు అల్లిపెడతా. నేల సంగతి మీరు చూసుకోండి. ఎంత తొందరపడినా పది రోజులు."

వరాలమ్మ ఆకాశం వైపు చూసింది. ఆ మబ్బు పది రోజులు ఆగేలా లేదు. రేపు సాయంత్రం దాకా ఆగితే గొప్ప.

సరిగ్గా అప్పుడే బీరపాదు అవతలినుంచి దగ్గు వినిపించింది. నక్క జంబయ్య. కాశమ్మ కొమ్ములకి అందనంత దూరంలో నిలబడి, వినయంగా తల వంచాడు.

"చెల్లెమ్మా, దారిన పోతుంటే నీ కష్టం చెవిన పడింది. నాకు పాకలు కట్టడం అలవాటు. వెదురుపొద పక్కన ఒకటి రెడీగా ఉంది. నిన్ననే పని పూర్తయింది. ఈ రాత్రే దిగొచ్చు."

"రెడీగానా?" వరాలమ్మ మెడ నిటారుగా లేచింది.

"తాటాకు కప్పు, వెదురు తడికలు, పేడతో అలికిన నేల. గుమ్మం ఎంతనుకున్నావు? ఆవు కూడా తల వంచకుండా లోపలికి పోవచ్చు!"

"ఏం తీసుకుంటావన్నయ్యా?"

"చెల్లెలి దగ్గర బేరమా? వానాకాలం వెళ్ళాక, పొదగని గుడ్లుంటే అప్పుడప్పుడు ఒకటి పంపు. లేకపోతే లేదు."

కాశమ్మ నెమరు ఆపింది. ఆమె నెమరు ఆపిందంటే మాట నచ్చలేదని అర్థం. "నక్కకి ఇంత జాలి ఎప్పటినుంచి?"

"చూడు వదినా, మనసు మారితే కూడా తప్పేనా?" అని జంబయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

అందరూ చూడ్డానికి వెళ్ళారు. పాక నిజంగానే బాగుంది. ఎండ తగిలి తాటాకు మెరుస్తోంది. పిల్లలు ఆరుగురూ "మా ఇల్లు, మా ఇల్లు!" అంటూ లోపలికి పరిగెత్తి, గోడ నుంచి గోడకి పందెం వేసుకున్నారు. గిజిగాడు తడిక లాగి చూసి "అల్లిక ఫరవాలేదు" అన్నాడు. అతని నోట ఇంకొకరి పనికి అంతకంటే మెప్పు రాదు.

లోపలి మూల మెత్తగా గడ్డి పరిచి ఉంది. "పిల్లలు పడుకోవడానికి" అన్నాడు జంబయ్య. వరాలమ్మ అక్కడ నేలని ముక్కుతో పొడిచి చూసింది. డబ్ డబ్ అంది. గుమ్మం దగ్గర పొడిస్తే టక్ టక్ అంది.

"ఇక్కడ బోలుగా ఉందేమిటన్నయ్యా?"

"కింద గాలాడాలి కదా. చెమ్మ ఎక్కకుండా."

"దీన్ని ఇలాగే ఎత్తి కొట్టం పక్కకి జరుపుకోవచ్చా?"

"అమ్మో!" జంబయ్య అదిరిపడ్డాడు. "వాస్తు చూసి పెట్టిన చోటు. వేలెడు జరిపినా పిల్లలకి అరిష్టం!"

పిల్లలకి అనేసరికి వరాలమ్మ ఆ మాట వదిలేసింది. బయటికొచ్చి మబ్బు చూసింది. లోపల కేరింతలు విన్నది. పది రోజుల పాక మంచిదే. కానీ రేపటి వానకి పది రోజుల పాక ఎందుకు పనికొస్తుంది? రెక్కలు బిగించి, ఊపిరి పీల్చి, "తీసుకుంటా" అంది.

"ఈ రాత్రికే దిగిపో చెల్లెమ్మా!"

"అదెలా అన్నయ్యా? గృహప్రవేశం కాకుండానే? పొద్దున్నే మంచి వేళ చూసి, ముందు ఆవు అడుగు పెట్టాలి."

జంబయ్య తెల్లమొహం వేశాడు. నక్కల బతుకులో గృహప్రవేశం అనేది లేదు. ఎవరో తవ్విన బొరియలో ఎవరూ చూడకుండా దూరడమే వాళ్ళకి తెలిసింది. "ఆవెందుకు? కావాలంటే నేనే ముందు అడుగు పెడతాను."

"ఆవే పెట్టాలి. మా వైపు అంతే. కుడికాలు ముందు పెట్టి, ఇల్లంతా తిరిగి, పిల్లలు పడుకునే చోట నిలబడాలి. ఆవు కూడా దూరే గుమ్మమని నువ్వే అన్నావుగా!"

"అన్నాను" అన్నాడు జంబయ్య నీరసంగా. "అన్నాననుకో. ఎంతసేపు నిలబడాలి?"

"అక్కడ పేడ వేసేదాకా. అది పడితేనే శుభం."

తెల్లారింది. మబ్బు ఇంకా ఆగి ఉంది, కానీ గాలిలో తడి మట్టి వాసన వచ్చేసింది. గిజిగాడు గుమ్మానికి తోరణం అల్లాడు. పిల్లలు తోకలు ఊపుకుంటూ వరసగా నిలబడ్డారు. కాశమ్మ చెరువులో మునిగి వచ్చింది. దూడ చిట్టి గంతులేస్తూ వెనక వచ్చింది. అంత పొద్దున్నే జంబయ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గోళ్ళ నిండా మట్టి ఉంది.

"మీరు కానివ్వండి. నేను కొబ్బరికాయ పట్టుకొస్తా" అని వెదురుపొదలోకి మాయమయ్యాడు.

"కుడికాలు పిన్నీ, కుడికాలు!"

"తెలుసమ్మాయ్. నీకంటే ఎక్కువ ఇళ్ళలో పెట్టాను" అంటూ కాశమ్మ కుడికాలు లోపల పెట్టింది. ఇల్లంతా ఓ చుట్టు తిరిగింది. నిదానంగా వెళ్ళి గడ్డి పరిచిన మూల నిలబడింది.

నేల 'కుయ్' మంది.

"ఏమిటది?" అంది వరాలమ్మ.

"నేనెక్కితే మూలగక పాట పాడుతుందా?" అని కాశమ్మ నెమరు మొదలుపెట్టింది.

అందరూ ఎదురుచూశారు. కాశమ్మ నమిలింది, మింగింది, మళ్ళీ తెచ్చుకుంది. గిజిగాడు "ఇంకా ఎంతసేపు?" అని అడిగితే, "ఇది నీ అల్లిక కాదు నాయనా, చెప్పగానే రావడానికి" అంది.

గడ్డి కొద్దిగా పైకి లేచింది. మళ్ళీ దిగింది. మళ్ళీ లేచింది. సందులోంచి వెచ్చటి గాలి 'హుఫ్, హుఫ్' మని తన్నింది.

"ఇల్లు ఊపిరి తీస్తోంది!" అని పిల్లలు చప్పట్లలా రెక్కలు కొట్టారు. బుడ్డది ముందుకెళ్ళి ఆ సందులోకి తొంగి చూసి, ఒక్క గెంతులో తల్లి దగ్గరికొచ్చింది.

"అమ్మా, నేలకి కన్ను ఉందే!"

వరాలమ్మకి నిన్నటి చప్పుడు గుర్తొచ్చింది. డబ్ డబ్. గోళ్ళలో మట్టి. కొబ్బరికాయకి వెళ్ళి ఇంతసేపు. జరపకూడని పాక. అన్నీ ఒక్కసారి కలిశాయి. నోరు మెదపకుండా పిల్లల్ని రెక్కతో గుమ్మం బయటికి తోసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, బుడ్డదానితో ఆరు. అందరూ బయట ఉన్నారు. అప్పుడు గొంతు పెద్దది చేసింది.

"అయ్యో నా మతిమరుపు మండ! పిన్నీ, ఆవొక్కతే కాదు, దూడ కూడా ఆ మూలే నిలబడాలి. చిట్టీ, రామ్మా! ఇద్దరూ కలిసి గట్టిగా గెంతాలి!"

చిట్టికి గెంతమని రెండోసారి చెప్పక్కర్లేదు. తోక ఎత్తి, గిట్టలు దువ్వి, గుమ్మంలోంచి లోపలికి దూసుకురాబోయింది.

"వద్దు! వద్దు చెల్లెమ్మా! ఒక్క ఆవు చాలు!" అని కేక వినిపించింది.

అందరూ నేలవైపు చూశారు.

"ఎవరది?" అంది కాశమ్మ.

"నేను... నేలని" అంది గొంతు, రొప్పుతూ.

"నేలకి నేను చెల్లెమ్మని ఎప్పుడయ్యాను?" అంది వరాలమ్మ.

గిజిగాడు నవ్వు ఆపుకోలేక తోరణం పట్టుకు వేలాడాడు. కాశమ్మ మాత్రం గంభీరంగా తోక పక్కకి తీసింది. "అమ్మాయ్, శుభం. ఇప్పుడొచ్చింది."

పడాల్సింది ధారాళంగా పడింది. ఆ సంతోషంలో చిట్టి ఆ మూలకే ఒక్క గెంతు గెంతింది. ఫెళ్ళున నేల విరిగింది. కాశమ్మ చిట్టిని పక్కకి తోసి, తనూ గోడవైపు గట్టి నేలమీదికి అడుగేసింది. గడ్డీ, బద్దలూ, పేడా అన్నీ కలిసి లోపలికి జారాయి. అందరూ తొంగి చూశారు. కింద గొయ్యి. గొయ్యిలోంచి వెదురుపొద కిందికి సొరంగం. రెండు కర్రల మధ్య నడుము వంచి, నేలని వీపుమీద మోస్తూ జంబయ్య! పిల్లలు నిద్రపోయాక ఆ పలచటి నేల తోసుకుని పైకి రావాలని, కాశమ్మ కొమ్ములకి అందకుండా ఒక్కొక్కరినీ కిందికి లాక్కోవాలని వేసిన ఎత్తు. దాన్ని కాపాడుకోడానికి రాత్రంతా కర్రలు నాటి, కొబ్బరికాయ వంకతో వచ్చి ఆవు బరువుకి వీపు ఒడ్డాడు.

"కొబ్బరికాయ ఏదన్నయ్యా?" అని అడిగింది వరాలమ్మ.

జంబయ్య కళ్ళల్లోంచి శుభం తుడుచుకుని, వంగిన నడుము వంగినట్టే సొరంగంలోకి దూరి, అటు వెదురుపొదలోంచి తేలి, కొండ దాటేదాకా వెనక్కి చూడలేదు. ఆ తర్వాత చాలాకాలం కొండ అవతల ఎవరైనా "ఇల్లు" అంటే చాలు, అతని నడుము పట్టేసేదట.

ఉరుము ఉరిమింది. పిల్లలు బిక్కమొహం వేశారు. "ఇల్లు పోయిందా అమ్మా?"

"ఇల్లెక్కడ పోయింది? నేలే పోయింది" అంది వరాలమ్మ. ఆమెకే ఆశ్చర్యమేసింది, ఈసారి ఎవరినీ అడగలేదు. "కప్పుంది, గోడలున్నాయి. పిన్నీ, కొమ్ములు పట్టు! మేస్త్రీ, నువ్వు కట్లు చూడు! వాస్తు లేదు, గీస్తు లేదు, మన కొట్టం పక్కకి!"

కాశమ్మ కొమ్ములతో ఎత్తి తోసింది. చిట్టి వెనకనుంచి నెట్టింది. తెగిన కట్టునల్లా గిజిగాడు ముడివేశాడు. పాక ఊగుతూ, కిర్రుమంటూ, తోటంతా నడిచి కొట్టం పక్కన కూర్చుంది. లోపల వరాలమ్మ మట్టి పోయించింది. కాశమ్మా చిట్టీ మధ్యాహ్నం దాకా దాన్ని తొక్కారు. ఆరుగురు పిల్లలు వాళ్ళ వెనకే పన్నెండు చిన్న పాదాలతో తొక్కి, ఇల్లంతా తామే కట్టామని గిజిగాడితో పోట్లాడారు. వరాలమ్మ మూల మూలకీ వెళ్ళి ముక్కుతో పొడిచి చూసింది. టక్ టక్. ఇంకో మూల. టక్ టక్. పొడిచిన చోటే మళ్ళీ పొడిచింది.

"చాల్లే అమ్మాయ్, గుంటలు పడతాయి" అంది కాశమ్మ.

సాయంత్రానికి వాన దిగింది. తాటాకు మీద దరువు మొదలైంది. లోపల ఒక్క చుక్క లేదు. వరాలమ్మ రెక్కలు విప్పి పిల్లల్ని కప్పుకుని, అలవాటుగా లెక్కపెట్టింది. ఆరుకి ఆరు. ఇంకోసారి లెక్కపెట్టబోయి, ఎందుకో మానేసి, వాన వింటూ కళ్ళు మూసుకుంది.

కొన్న ఇల్లయినా కట్టిన ఇల్లయినా, పిల్లల్ని పడుకోబెట్టే ముందు మన మేలు కోరేవాళ్ళ బరువైన కాలు ఒకటి ఆ నేలమీద పెట్టించి చూసుకోవాలి.