నొక్కితే తెరుచుకునే పెట్టె

మంగతాయారు గారు ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి, ఇప్పుడు కొండ ఊళ్ళ ఆరోగ్య కార్యకర్తల కోసం ఆన్‌లైన్ పాఠాలు తయారుచేస్తున్నారు. ప్రశ్న అడిగినవారికి వెంటనే జవాబివ్వడం ఆవిడకు అలవాటు లేదు.

శిష్యుడు ప్రభుదాస్ ఒకరోజు కొంచెం నొచ్చుకుంటూనే అడిగాడు. "వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ నేర్చుకుని, విరేచనాల పాఠానికి రంగులు వేశాను, బొమ్మలు పెట్టాను. ముఖ్యమైన ప్రతి మాటనూ నొక్కితే తెరుచుకునే పెట్టెలో ఉంచాను, చదివేవాళ్ళు కాస్త ఆగి ఆలోచిస్తారని. మీ పాఠాలేమో ఉతికి ఆరేసిన తెల్ల పంచెల్లా ఉంటాయి. పాఠం అందంగా ఉంటే తప్పేంటి మేడం?"

ఆవిడ ఆ పాఠాన్ని ప్రింటు తీసి, శిక్షణ కోసం ఆ ఉదయమే కొండ దిగి వచ్చిన దేముడమ్మ చేతికిచ్చారు.

"మీ ఊళ్ళో పాఠం ఎలా చదువుతావమ్మా?"

"అక్కడ సిగ్నలేదీ? సంతకొచ్చినప్పుడు నెట్ షాపులో కాగితం తీయించుకుంటాం."

"అయితే ఇది చూసి ఈ ఓఆర్ఎస్ పొడి కలుపు."

దేముడమ్మ వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. ప్యాకెట్ చించి, పొడి మొత్తం ఒక గ్లాసు నీళ్ళలో పోసింది.

"అయ్యో, లీటరు నీళ్ళు పోయాలి! అంత చిక్కగా పడితే పసివాళ్ళ ప్రాణం మీదకొస్తుంది!" అని ప్రభుదాస్ అరిచాడు.

"లీటరని ఎక్కడుందయ్యా? 'ఎన్ని నీళ్ళు? ఇక్కడ నొక్కండి' అని ఉంది. నొక్కాను. కాగితం కదా, ఏం చెప్పలేదు."

ప్యాకెట్ మీద ఉన్నది ఇంగ్లీషు. ఆమెకు రాదు. ప్రభుదాస్ కాగితం అందుకుని చూశాడు. పెట్టెలన్నీ మూసినవి మూసినట్టే అచ్చయ్యాయి.

"ఐదు నిమిషాల్లో సరిచేస్తాను మేడం."

"ఇది నెట్‌లో పెట్టి ఎన్నాళ్ళయింది?"

"పన్నెండు రోజులు," అన్నాడు.

ఆవిడ ఫోను అతని ముందుకు జరిపారు. కార్యకర్తలు ముప్పై ఒక్కరు. చాలామంది ఫోన్లు కలవలేదు. కలిసినవాళ్ళు ఆ పొడి ఇంకా వాడలేదన్నారు. పద్దెనిమిదో నంబరు చిన్నాలమ్మది.

"పాఠం ఎంత బాగుందో సార్! నిన్నట్నుంచి మా పక్కింటి పిల్లాడికి అలాగే కలిపి పడుతున్నాను. పొద్దున్నుంచి ఎంత లేపినా లేవట్లేదు. నీరసం కాబోలు."

"ఎన్ని నీళ్ళలో కలిపావు?"

"గ్లాసుడు, సార్."

మంగతాయారు గారు ఫోను లాక్కుని, ఆ నీళ్ళు ఆపమని చెప్పి, అంబులెన్సును పంపించారు. పిల్లవాణ్ణి తీసుకొస్తున్న ఆసుపత్రికి తామూ జీపులో బయలుదేరారు. ఘాట్ రోడ్డు పొడవునా ప్రభుదాస్ మిగిలిన నంబర్లకు ఫోను చేస్తూనే ఉన్నాడు. ఆసుపత్రి వరండాలో, పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళిన తలుపు దగ్గర, ఒకామె వాణ్ణి చుట్టి తెచ్చిన చీరగుడ్డ ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అతను మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"ఆ తల్లికి నేనేం చెప్పాలి మేడం?"

"చెప్పడం తర్వాత," అన్నారావిడ. "ముందు పిల్లవాడి పేరు అడుగు."