గైరమ్మ తీసిన మూడో రాయి

అనగనగా, బస్సులు బొగ్గులు తిని బతికిన రోజుల్లో, ఒక కొండదారి ఉండేది.

నవ్వకండి, బొగ్గులే! పెట్రోలు దొరక్క బస్సు వెనక మనిషెత్తు డ్రమ్ము కట్టేవారు. అందులో బొగ్గులు పోసి, నిప్పెట్టి, పంకా తిప్పితే పొగ పుట్టేది. ఆ పొగతో ఇంజను నడిచేది. మా తాత కళ్లారా చూశాడు. ఊళ్లకి ఊళ్లే దారి పక్కన నిలబడి ఆ బండికి దణ్ణాలు పెట్టేవిట.

కానీ దానికి కొండెక్కే సత్తువేదీ? ఆ కొండకి మూడు మలుపులు. ప్రతి మలుపులోనూ ఆయాసపడి ఆగిపోయేది. జనం దిగేవారు. క్లీనరు వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టి పంకా తిప్పేవాడు. ఊపిరొచ్చి బండి కదలగానే, అందరూ పరిగెత్తి ఎక్కేసేవారు. ఆపితే మళ్లీ కదలదని భయం. రాయి మాత్రం దారి మధ్యలోనే ఉండిపోయేది. మూడు మలుపులు, మూడు రాళ్లు.

కొండమీద గైరమ్మ అనే ముసల్ది బొగ్గులు కాల్చుకుని బతికేది. బస్సుకి బొగ్గులిచ్చేదీ ఆవిడే. బస్సు అవతలి ఊరికి సాగిపోగానే కిందికి దిగేది. మూడో మలుపులో రాయి తీసేది, రెండో మలుపులో రాయి తీసేది, మొదటి మలుపులో రాయి తీసేది. మళ్లీ కొండెక్కేది. బస్సు పెట్టిన గుడ్లు ఏరుకోడానికి పోతోందని జనం వేళాకోళం చేసేవారు.

ఆవిడ మొగుడి ఎడ్లబండి అలాంటి రాయే ఎక్కి లోయలో పడి, అతను పోయాడు. ఆ రాయి పెట్టినవాణ్ణి ఎవరైనా తిడితే ఆవిడ ఒప్పుకునేది కాదు.

"పెట్టినోడు మంచోడే బాబూ. తియ్యడం మర్సిపోనాడు," అనేది.

ఒకరోజు సంతజనంతో బస్సు కిక్కిరిసిపోయింది. మొదటి మలుపులో మామూలు రాయికి బండి ఆగలేదు. డ్రైవరు సింహాద్రి, క్లీనరు, ఇంకో ఇద్దరు కలిసి గడ్డపారతో ఓ బండరాయిని దొర్లించి పెట్టారు. పైకొచ్చేసరికి గైరమ్మ జ్వరంతో వణుకుతోంది.

"బాబూ, ఒంట్లో బాగోలేదు. ఇయాల ఆ రాళ్లు మీరే తీసీండి," అంది.

"రేపు తీద్దాంలే పెద్దమ్మా," అన్నాడు సింహాద్రి. ఆ మాటకి ఆ పూటే మూల్యం చెల్లించాల్సొస్తుందని వాడికేం తెలుసు!

సాయంత్రం తిరుగు ప్రయాణంలో, అవతలి ఊళ్లో పుట్టింటి నుంచి సింహాద్రి పెళ్లాం బస్సెక్కింది. ఒళ్లో నెలపిల్ల. కొండమీదికొచ్చి చూస్తే గైరమ్మ గుడిసెలో లేదు. వాన మొదలైంది. దిగుడు మొదలవగానే సింహాద్రి బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యన ఒక్క బండి పట్టే దారి. తను వదిలేసిన మూడు రాళ్లూ కళ్లముందు మెదిలాయి.

మూడో మలుపు. రాయి ఉందా? లేదు.

రెండో మలుపు. రాయి ఉందా? లేదు.

మొదటి మలుపు. రాయి ఉంది. దానికి వీపు ఆనించి, కాళ్లు నేలకి తన్నిపెట్టి, గైరమ్మ ఉంది.

సింహాద్రి కళ్లు మూసుకోలేదు. చూశాడు కాబట్టే చెప్పాడు. నలుగురు దొర్లించిన బండరాయి ఒక్క ముసలమ్మ వీపుకి కదిలింది. కొండవారకి దొర్లింది. బస్సు ఆవిడ కొంగు రాసుకుంటూ దూసుకుపోయి, కింద కోసేసిన చేలో తనంతట తనే ఆగింది.

అందరూ వెనక్కి పరిగెత్తారు. గైరమ్మ రాయికి ఆనుకుని కూర్చునుంది. ఒంటిమీద చిన్న గీత లేదు. ప్రాణం మాత్రం పోయింది. సింహాద్రి పిల్లని తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పడుకోబెట్టి ఏడ్చాడు.

"రేపు తీద్దామన్నాను పెద్దమ్మా," అన్నాడు.

ఆ రాయిని ఆవిడ సమాధి మీద పెడదామని మర్నాడు పదిమంది పట్టారు. ఇసుమంతైనా కదల్లేదు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఈ కాలం బస్సులకి ఆయాసమూ లేదు, అడ్డం రాయీ అక్కర్లేదు. అయినా మొదటి మలుపులో ప్రతి బండీ ఆగుతుంది. ఎవరో ఒకరు దిగి, దారిలో ఉన్న రాయి ఏరి గైరమ్మ రాయి పక్కన పెడతారు. ఆ కుప్ప ఇప్పుడు బస్సంత ఎత్తుంది. అప్పుడు కండక్టరు "రాయి తీశారా?" అని అడుగుతాడు.

"తీశాం గైరమ్మా," అంటుంది బస్సంతా. ఆ మాట వినబడేదాకా డ్రైవరు గేరు వెయ్యడు.