ఉలిముక్కెరమ్మ

కందిమల్లె గుట్ట మీది అమ్మవారికి ఒంటినిండా బంగారమే గాని, ముక్కుకు మాత్రం ఇనుము. ఎడమ ముక్కుపుటంలో ఆవగింజంత నల్లటి మొన దిగబడి ఉంటుంది. భక్తులెవరైనా బంగారు ముక్కుపుడక తెస్తే పూజారులు కళ్లకద్దుకుని తిరిగి ఇచ్చేస్తారు. అదేమిటని అడిగేవారికి ఇక్కడి పెద్దలు చెప్పే కథ ఇది.

పూర్వం ఈ సీమను ఏలిన దొర బొల్లమనాయడు, అమ్మవారి విగ్రహం చెక్కే పనిని నాగోజు అనే శిల్పికి అప్పగించాడు. నాగోజు గుట్టంతా తిరిగి, సుత్తితో తట్టి చూసి, కంచుగంటలా పలికిన రాయిని ఎంచుకున్నాడు. చెక్కేది అతడే అయినా, ఉలికి పదును పెట్టేది అతని భార్య పేరిందేవి. ఎర్రగా కాలిన ఉలి మొనను నీట ముంచి పైకి తీసేది. వెనకనున్న వేడి మొనకు పాకి, అక్కడ ఎండుగడ్డి రంగు తేలేదాకా కాచుకుని, అప్పుడు మళ్లీ ముంచేది. ఆ రంగు రాకముందే ముంచితే ఉలి పెళుసెక్కుతుంది. ఆలస్యమైతే మెత్తబడుతుంది.

ప్రతిష్ఠ దగ్గరపడింది. ముక్కు ఒక్కటే మిగిలింది. "ఏమే, నేనడిగింది ఉలినే, గునపం కాదు" అంటూ నాగోజు కేక మీద కేక వేస్తుంటే, పేరిందేవి తొందరపడి రంగు చూడకుండానే ముంచి ఇచ్చింది. రెండు దెబ్బలు పడ్డాయో లేదో, మొన విరిగి అమ్మవారి ముక్కులో ఉండిపోయింది. లాగితే ముక్కు ఊడుతుంది, ఉంచితే దోషం. దోషమున్న విగ్రహాన్ని లోయలోకి దొర్లించాలని, చెక్కినవాడు ఇక ఉలి పట్టరాదని ఆనాటి కట్టుబాటు. నాగోజు పనిముట్లు మూట కట్టేశాడు. భార్యను ఒక్క మాట అనలేదు. ఆమెకు అదే ఎక్కువ బాధయింది.

ఆ మధ్యాహ్నం కొలిమి పక్కనే ఆమెకు కునుకు పట్టింది. కలలో ఒక పిల్ల, అప్పుడే కుట్టిన ముక్కులో వేపపుల్లతో వచ్చి ఎదురుగా కూర్చుంది.

"పుండు పచ్చిగా ఉండగానే పుల్ల లాగేస్తారటమ్మా? పూడిపోదూ?" అంది.

పేరిందేవి లేచి నేరుగా గుట్టెక్కింది. దొర అప్పటికే విగ్రహానికి మోకులు కట్టిస్తున్నాడు. ఆమె కల సంగతి చెప్పింది. తన తొందరపాటునూ దాచలేదు. తప్పు చేసినవారికి కలలు బాగానే వస్తాయని దొర నవ్వాడు. ఆమె కొత్తగా ముక్కు కుట్టిన ఆడపిల్లకు చేసినట్టే, పసుపును నూనెలో రంగరించి ఆ మొన చుట్టూ రాసింది. చూస్తూ నిలుచున్న దొర తల్లి అక్కమాంబ ముందుకు వచ్చింది.

"ముక్కు కుట్టించుకున్న పిల్లను లోయలోకి తోస్తారట్రా, నాయనా? మోకులు విప్పించు."

తల్లి మాట దాటలేక దొర విప్పించాడు. నాగోజు మూట కూడా విప్పుకున్నాడు. నాటినుంచి ఆ ఇనుముకు తుప్పు పట్టలేదని చెబుతారు.

ఇప్పటికీ శుక్రవారం నాడు ఆ మొనకు పసుపునూనె రాసి, మిగిలినది ముక్కు కుట్టించుకునే ఆడపిల్లలకు పంచుతారు. పుండు త్వరగా మానుతుందని, చేసే పనిలో చేయి తప్పదని నమ్మకం. జాతరలో రాతిపనివారి ఇంటి ఆడపడుచు ఒకతె గుడి ముందు కొలిమి పెట్టి కొత్త ఉలికి పదును పెడుతుంది. అంతసేపూ మేళం ఆగుతుంది. హారతి పళ్లెంతో పూజారి పక్కకు తప్పుకుని నిలబడతాడు. మొన మీద ఎండుగడ్డి రంగు తేలేదాకా ఆమెను ఎవరూ పిలవరు.