కదలని పేషెంటు

భద్రావతికి తన పేషెంట్ల మీద కోపంగా ఉంది.

వారం తిరిగితే మొదటి పరీక్ష. సముద్రపు గాలి తగిలే ఆ కన్యాస్త్రీల మఠంవారి ఆసుపత్రిలో నర్సింగు చదవడానికి చేరిన పిల్లలంతా ముందు ఆ పరీక్ష గట్టెక్కాలి. గట్టెక్కినవాళ్ళకి తెల్లటోపీ పెడతారు. గట్టెక్కనివాళ్ళు పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే.

భద్రావతిది చేనేత ఇల్లు. వాళ్ళ వీధిలో మగ్గం వదిలి ఇంత దూరం చదువుకి వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. రాత్రంతా వల్లెవేసిన ఇంగ్లీషు మాటలు, పెద్దవాళ్ళెవరైనా ఎదురుగా నిలబడి ప్రశ్న అడిగితే చాలు, గాలికి ఎగిరిన దూదిలా పోయేవి. అందుకని ఆశంతా ప్రాక్టికల్ మీద పెట్టుకుంది. ప్రాక్టికల్లో ఆమెకు కొట్టినపిండి ఒకటుంది. మంచం మీద పక్క వేయడం.

అందులో ఆమెకు సాటి లేదు. మగ్గం మీది పడుగు దారాల బిగువు ఎంత ఉండాలో చూపుతో కాదు, వేళ్ళతోనే చెప్పగల పిల్ల. ఆమె దుప్పటి పరిచిందంటే వెతికినా ముడత దొరికేది కాదు. అంచులు పరుపు కిందికి దోపిందంటే ఆ బిగువుకి దుప్పటి డోలు చర్మంలా మోగేది. తోటిపిల్లలు పనిగట్టుకుని వచ్చి చూసిపోయేవాళ్ళు.

చిక్కల్లా ఒక్కటే. ఆ పక్కల మీద మనుషులు పడుకునేవాళ్ళు.

ఆమె పక్క వేసి అటు తిరిగిందో లేదో, ఒకామె కాలు ఝాడించేది. ఇంకొకామె దుప్పటి పైకి లాక్కునేది. ట్యూటరమ్మ చూడ్డానికి వచ్చేసరికి పాదాల దగ్గర దోపిన అంచు ఊడి నేలకి వేలాడుతూ ఉండేది. పక్క వరుసలో తోటిపిల్ల నిర్మలకుమారి వేసిన పక్కలు వంకరటింకరగా ఉండేవి. విచిత్రం, వాటిని మాత్రం సాయంత్రం దాకా ఎవరూ కదిలించేవాళ్ళు కాదు.

“కాస్త కదలకుండా పడుకోకూడదా అవ్వా?” అని ఒకరోజు విసుక్కుంది భద్రావతి.

“కదలకుండా పడుకునే రోజు ఎట్టాగూ వస్తదిలే పిల్లా, తొందరెందుకు?” అంది ఆ ముసలామె. వార్డంతా నవ్వింది. భద్రావతికి నవ్వు రాలేదు.

సాయంత్రం సిస్టర్ ఇన్నాసమ్మ దగ్గరికి వెళ్ళింది.

ఇన్నాసమ్మ ఆ ఆసుపత్రిలోనే పని నేర్చి, అక్కడే ముసలిదైన మనిషి. మోకాళ్ళు పట్టేసి వార్డు పని మానేసింది గాని, కొత్తపిల్లలకి మొదటి పాఠాలు ఇప్పటికీ ఆవిడే చెప్పేది. పిల్లలు పెద్ద సిస్టర్ అనేవాళ్ళు. ఆవేళ వరండాలో కూర్చుని కట్టుగుడ్డలు చుడుతోంది.

“ఏందే, మొహం అట్టా పెట్టావు?”

“పరీక్ష రోజున మీరు నాకొక సాయం చెయ్యాలి సిస్టర్. కదలలేని పేషెంటుని ఇప్పించాలి.”

చుడుతున్న చేతులు ఆగాయి. “కదలలేని పేషెంటా?”

“అవును సిస్టర్. కాలూ చెయ్యీ ఆడక, ఉలుకూ పలుకూ లేనివాళ్ళయితే నా పక్క చెదరదు. పరీక్ష పెట్టే ఆవిడ వచ్చి చూసేదాకా వేసింది వేసినట్టే ఉంటది. లేకపోతే నా కష్టమంతా బూడిదలో పోసినట్టే.”

సిస్టర్ కోప్పడుతుందేమోనని చెప్పాక భయం వేసింది. సిస్టర్ కోప్పడలేదు. ఆ పిల్ల మొహంలోకి కాసేపు చూసి, మళ్ళీ గుడ్డ చుట్టడం మొదలుపెట్టింది.

“పరీక్షలో ఎవరొస్తారో నా చేతిలో లేదు తల్లీ. అట్టాంటి పేషెంటు మాత్రం ఒకామె ఉంది. రేపు మధ్యాహ్నం పాఠాల గదికి రా. ఆమె మీద వేసి చూసుకుందువుగాని.”

మర్నాడు భద్రావతి ఉతికిన దుప్పట్లు చంకన పెట్టుకుని వెళ్ళింది. పాఠాల గదిలో పిల్లలు నేర్చుకోవడానికి వేసిన మంచం ఉంది. దాని పక్కన ఇన్నాసమ్మ తప్ప ఎవరూ లేరు.

“పేషెంటు ఏరీ సిస్టర్?”

సిస్టర్ చెప్పులు విడిచింది. మోకాలు పట్టుకుని, “ప్రభువా” అని మూలుగుతూ మంచమెక్కి వెల్లకిలా పడుకుంది.

“ఇదిగో. ఇక నేను కదలను. కానివ్వు.”

భద్రావతికి నవ్వొచ్చింది. నవ్వుతూనే పని మొదలుపెట్టింది. పేషెంటుని ఒక పక్కకి ఒత్తిగిలజేసి, పాతదుప్పటి చుట్టి, కొత్తది పరిచి, మళ్ళీ ఇటు తిప్పింది. సిస్టర్ నిజంగానే కదలలేదు. ఎటు తిప్పితే అటు తిరిగింది. పైదుప్పటి గడ్డం దాకా కప్పి, పాదాల దగ్గర శక్తికొద్దీ లాగి దోపింది భద్రావతి. తను వేసిన పక్కలన్నిటిలోకీ అదే గొప్పగా కుదిరింది.

“అయింది సిస్టర్. బాగుందా?”

జవాబు లేదు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, కప్పు వైపు చూస్తూ.

సరే, పేషెంటు కదా అనుకుంది భద్రావతి. పక్క ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని, పుస్తకం తీసుకుని అక్కడే స్టూలు మీద కూర్చుంది.

ఒక ఈగ వచ్చి సిస్టర్ కనుబొమ మీద వాలింది. సిస్టరే తోలుకుంటుందిలే అనుకుంది భద్రావతి. ఆ చేతులు దుప్పటి కింద నుంచి బయటికి రాలేదు. ఈగ మెల్లగా కంటి కొస దాకా నడిచింది. రెప్ప కొట్టుకుంది, అంతే. భద్రావతి లేచి తోలింది. కూర్చుని రెండు లైన్లు చదివేలోపు అది మళ్ళీ వచ్చింది. ఇక లాభం లేదని పుస్తకాన్నే విసనకర్ర చేసి విసురుతూ నిలబడింది.

అప్పుడు చూసింది, సిస్టర్ పైపెదవి మీద చెమట. కిటికీలోంచి ఎండ తిన్నగా మొహాన పడుతోంది. వెళ్ళి రెక్క మూసింది.

“దాహంగా ఉందా సిస్టర్?”

జవాబు లేదు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి, మెడ కింద చెయ్యి వేసి లేపి పెదవులకి అందించింది. సిస్టర్ గ్లాసుడు నీళ్ళూ తాగేసింది. భద్రావతి ఖాళీ గ్లాసు వంక చూసింది. ఇంత దాహం పెట్టుకుని ఇంతసేపూ పడుకుందా!

అయినా సిస్టర్ నొసలు ముడిపడే ఉంది. ఇంకేదో ఉంది. ఏమిటది? భద్రావతి మొహం నుంచి భుజాలు, భుజాల నుంచి మోకాళ్ళు వెతుక్కుంటూ పాదాల దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

దుప్పటి కింద కాలివేళ్ళు కిందికి వంగిపోయి ఉన్నాయి, బండరాయి మోపినట్టు. చెయ్యి వేసి చూసింది. బట్ట కించిత్తు కూడా లేవలేదు. ఆ బిగువు తన చేతిదే. ఆ బిగువుతోనే ఆ మోకాళ్ళు కూడా ఇందాకటి నుంచి కర్రల్లా చాచి ఉన్నాయి.

రెండు చేతులతో అంచుని బయటికి లాగేసింది.

పాదాలు మెల్లగా నిలబడ్డాయి. వేళ్ళు ఒక్కొక్కటే విడివడ్డాయి. సిస్టర్ గుండెల నిండా గాలి పీల్చి వదిలింది. భద్రావతి దుప్పటిని పాదాల మీద కాస్త పైకెత్తి, చోటు మిగిలేలా అడ్డంగా ఒక మడత పెట్టి, వదులుగా దోపింది. చూడ్డానికి అది అచ్చం ముడతలాగే ఉంది. సర్దబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఒక్క మాట చెప్పొచ్చుగా సిస్టర్!” అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“నువ్వడిగిన పేషెంటు ఎట్టా చెప్పుద్దే?”

అని, సిస్టర్ కళ్ళు మూసుకుంది. “ఇప్పుడు హాయిగా ఉంది. కాసేపు లేపమాక.”

నిజంగానే నిద్రపోయింది, సన్నగా గురక పెడుతూ. గంట కొట్టాక పిల్లలు గోలగోలగా గదిలోకి రాబోతే, భద్రావతి గుమ్మంలో చేతులు అడ్డం పెట్టి నిలబడింది. ఆవేళ ట్యూటరమ్మ పాఠం వరండాలో జరిగింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. పట్నం నుంచి వచ్చిన పరీక్షకురాలు పొడుగాటి మనిషి. వార్డు ఈ చివర నుంచి మాట్లాడితే ఆ చివర మంచాల వాళ్ళు ఉలిక్కిపడేంత గొంతు. భద్రావతి వంతుకి పల్లెపాలెం నుంచి వచ్చిన పోలమ్మ పడింది. కాళ్ళు వాచి, మూడు రోజులుగా కునుకు లేని మనిషి.

“నేను ఒకచోట ఉండలేను పిల్లా, ముందే చెబుతున్నా” అంది పోలమ్మ.

“ఉండొద్దులే పిన్నీ.”

పక్క సగం వేసేసరికే పోలమ్మ కుడికాలు బయటికి తన్నింది. భద్రావతి దాన్ని లోపలికి తోయలేదు. వంగి చూసింది. మడమ దుప్పటికి ఒరుసుకుని ఎర్రగా కందింది. ఒక తలగడ తెచ్చి పిక్క కింద పెట్టి, మడమ దేనికీ తగలకుండా పాదాన్ని బయటే వదిలింది.

“ఇంకొంచెం ఇటు” అంది పోలమ్మ.

“ఇట్టానా?”

“ఆ... కాదు కాదు, అటు.”

“టైమైపోయిందమ్మాయ్!” అంది పరీక్షకురాలు.

“ఒక్క క్షణం అండీ” అంది భద్రావతి, వెనక్కి తిరగకుండానే. వరుసలో నిలబడ్డ పిల్లలకి పైప్రాణాలు పైనే పోయాయి. భద్రావతి తలగడ కింద చెయ్యి పెట్టి, పోలమ్మ మొహం చూస్తూ, పిసరంత పైకి జరిపింది. మళ్ళీ పిసరంత కిందికి.

అప్పుడే పెద్ద సిస్టర్ కర్ర పోటేసుకుంటూ వార్డులోకి వచ్చింది.

“చూడండి సిస్టర్!” అంది పరీక్షకురాలు. “టైమైపోయిందన్నా వినకుండా, మీ అమ్మాయి నన్ను ఇంతసేపు నిలబెట్టేసింది!”

“మిమ్మల్ని నిలబెట్టింది, సరే” అంది ఇన్నాసమ్మ. “ఆమెని పడుకోబెట్టిందా?”

పరీక్షకురాలు మంచం వైపు తిరిగింది. దుప్పటి ఒక పక్క పైకి ఉంది, ఒక పక్క కిందికి ఉంది. పాదాల దగ్గర మడత. ఒక కాలు బయట. పోలమ్మ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. మూడు రోజుల నిద్ర ముంచుకొచ్చేసింది.

నోటి ప్రశ్నలు ఇంకా మిగిలే ఉన్నాయి. పరీక్షకురాలు కాగితం తీసింది. అడగబోయి ఆగింది. రెండడుగులు ముందుకు వేసి, భద్రావతి చెవి దగ్గరికి వంగి, తెలుగులో, గుసగుసగా మొదటి ప్రశ్న అడిగింది. భద్రావతి అంతకన్నా మెల్లగా జవాబు చెప్పింది. ఇంకొకటి అడిగింది. దానికీ చెప్పింది.

ఆవిడ కాగితం మీద ఏదో రాసి, మడిచి, పోలమ్మ వైపు ఒకసారి చూసింది.

“పాసయ్యావు” అంది, పెదవులు మాత్రమే కదిలేలా.