సముద్రం వైపు గోడ

దర్గాలో ఉరుసు దగ్గరపడుతుంటే దస్తగీరు గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"హజ్రత్, ఈ ఏడు గంధం కుండ నేనెత్తుకోనా?"

జలాల్ షా తస్బీ పూసలు తిప్పడం ఆపారు. మనసులో పగ పెట్టుకున్నవాడు ఆ కుండ ముట్టకూడదని ఆ ఆశ్రమంలో కట్టుబాటు. పోయినేడు ఆ కుండ ఎవరెత్తాలన్న దగ్గరే దస్తగీరుకీ, తోటి శిష్యుడు మౌలాలికీ మాటామాటా పెరిగింది. మౌలాలి అలిగి వెళ్ళిపోయాడు. ఆ ఏడు కుండ దర్గా చూసుకునే ముసలి ముజావరు మోశాడు.

"మౌలాలి మీద కోపం పోయిందా?"

"ఎప్పుడో పోయింది హజ్రత్. నా మనసులో ఏమీ లేదు."

"మంచిది. వానలొచ్చేలోగా సముద్రం వైపు గోడ సంగతి చూడు."

అది రేకుల గోడ. దస్తగీరూ మౌలాలీ మీసాలు మొలిచే వయసులో ఎత్తిన గోడ. రేకునీ, వెనకున్న చెక్కనీ కలిపి బోల్టు దూర్చేవాడు బయట ఉండాలి, నట్టు బిగించేవాడు లోపల ఉండాలి. ఒకరికొకరు కనపడరు. దస్తగీరు బయట, మౌలాలి లోపల. బిగించాక మౌలాలి రేకు మీద రెండుసార్లు కొట్టేవాడు. పని సాగుతున్నంతసేపూ లోపలినుంచి ఏదో ఒక ఖవ్వాలీ, అదీ శ్రుతి లేకుండా. ఎంత హాయి రోజులవి! వాన పడితే ఇద్దరూ ఆ గోడవారే చాపలేసుకుని, ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవారు.

దస్తగీరు మధ్యాహ్నానికల్లా పని కానిచ్చేశాడు. గోడంతా నిగనిగలాడే పచ్చరంగు పూసి, పెళ్ళికొడుకును ముస్తాబు చేసినవాడిలా మురిసిపోతూ గురువుగారిని పిలుచుకొచ్చాడు.

ఆయన వేలి కణుపుతో రేకును తడుతూ నడిచారు. ఖంగు ఖంగున మోగిన గోడ ఒకచోట మోగలేదు. అక్కడ బొటనవేలితో నొక్కారు. వేలు లోపలికి దిగిపోయింది. ఎర్రటి తుప్పు పొడి పొడిగా రాలింది.

"రంగు బాగుంది," అని లోపలికి వెళ్ళిపోయారు.

దస్తగీరు తలొంచుకుని ఇనప బ్రష్షు తీశాడు. పూసిన రంగంతా గీకాడు. ఉప్పుగాలి తినేసిన ముక్క కత్తిరించి, కొత్త రేకు అతికించబోయాడు. బోల్టు దూర్చి బయటినుంచి తిప్పితే అది తిరుగుతూనే ఉంది. లోపలికి పరిగెత్తి నట్టు పట్టుకుంటే బయట బోల్టు జారి ఇసకలో పడింది. అలా బయటికీ లోపలికీ తిరిగి తిరిగి ఆయాసం వచ్చింది.

"హజ్రత్, కాస్త ఈ నట్టు పట్టుకుంటారా?"

"అది నా చోటు కాదు నాయనా," అన్నారాయన లోపలినుంచి.

దస్తగీరు చాలాసేపు ఇసకలోనే కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. తర్వాత లేచి, చేతుల తుప్పు కూడా కడుక్కోకుండా, ఒడ్డు వెంబడి నడిచాడు.

పల్లెలో మౌలాలి ఓ పడవ ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. తలెత్తి చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

"ఏం భాయ్, దారి తప్పావా?"

"రేకు పోయింది."

"ఏ వైపు?"

"సముద్రం వైపు."

"పై వరసా?"

"కింది వరస. నువ్వు కూర్చునే చోట."

మౌలాలి చేతులు గుడ్డకి తుడుచుకుని పానా తీసుకున్నాడు.

గోడ దగ్గర దస్తగీరు బయట నిలబడి బోల్టు దూర్చి పట్టుకున్నాడు. లోపల ఏ అలికిడీ లేదు. ఇంతలో బోల్టు బిగుసుకోవడం వేళ్ళకి తెలిసింది. రేకు మీద రెండు దెబ్బలు. ఆ వెనకే శ్రుతి లేని ఖవ్వాలీ.

దస్తగీరు నుదురు రేకుకి ఆనించి అలాగే ఉండిపోయాడు.

సాయంత్రం జలాల్ షా బయటికొచ్చారు.

"కుండ సంగతి ఏమనుకున్నావు?"

"మౌలాలి ఎత్తుకుంటాడు హజ్రత్. నేను పక్కన నడుస్తా."

ఆయన వంగి, కొత్త రేకు మీద బొటనవేలితో గట్టిగా నొక్కారు. అది కదల్లేదు.

"ఇప్పుడు రంగు వెయ్యి," అన్నారు.